రేడియేటర్ కోసం అరువు తెచ్చిన చలి

ఇంగ్లండ్‌లో, స్టీవెనేజ్‌లోని మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో ఒక కథ చెలామణిలో ఉంది. క్రిస్మస్ భోజనాల దగ్గర చెబుతారు, కొత్తగా వచ్చిన కుటుంబానికి చెబుతారు, ఎవరైనా దిగులుగా కూర్చుంటే వాళ్లకీ చెబుతారు. అంకుల్ గారు గడ్డకట్టిన చేప పట్టుకుని రేడియేటర్‌ని మోసం చేయబోయి దొరికిపోయిన కథ అది. అందరూ నవ్వుతారు. అందరికంటే ఎక్కువగా అంకుల్ నవ్వుతారు. చాలా ఏళ్లు నేను కూడా నవ్వాను.

ఆ కథ చెప్పే తీరులోనే తప్పు ఉంది. చేప నిజం, రేడియేటర్ నిజం, దొరికిపోవడం నిజం. మోసం మాత్రం ఆయనది కాదు. జరిగింది జరిగినట్టు రాసి పెట్టడానికి ఇంతకాలం పట్టినందుకు సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

అంకుల్‌ది ఒంగోలు వైపు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేశారు. ఆంటీ నర్సు. ఆవిడ ముందు వచ్చి ఇక్కడ ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో చేరితే, ఆయన రిటైర్మెంట్‌కి కాస్త ముందుగానే ఉద్యోగం మానుకుని వెనక వచ్చారు. వాళ్లు మాకు చుట్టాలు కారు. కానీ మేం దేశం నుంచి వచ్చిన కొత్తలో వంటపాత్రలు ఇచ్చింది వాళ్లే, మా పాపకి జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది వాళ్లే.

వాళ్లది తక్కువ అద్దెకి ఇళ్లిచ్చే హౌసింగ్ సంస్థ ఇచ్చిన గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్. పడగ్గది బయటి గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండి నల్లగా బూజు పట్టేది. ఆంటీకి డ్యూటీల్లో ఎక్కువగా నైట్లు పడేవి. పొద్దున వచ్చి పడుకుందామంటే దగ్గు. గది పొడిగా ఉంచుకోమని డాక్టరు చెప్పాడు. ఎలా ఉంచాలో చెప్పడానికి హౌసింగ్ నుంచి ఒకావిడ వచ్చింది. నేను పక్కనే ఉండి అంకుల్‌కి తర్జుమా చేశాను.

"రోజూ కాసేపు కిటికీ తెరవాలి" అందావిడ.

"తెరిస్తే చలి వస్తది గదా" అన్నారు అంకుల్.

"వస్తుంది."

"మరి చలికి హీటింగ్ వేసుకోవాల."

"వేసుకోవాలి."

"అంటే హీటింగ్ వేసుకుని కిటికీ తెరవమంటారు."

"అవును."

ఆయన నా వైపు తిరిగి, "అబ్బాయ్, వీళ్లు మనల్ని అన్నేళ్లు ఎట్టా ఏలారు?" అన్నారు. అది నేను తర్జుమా చేయలేదు.

బస్సులో "షట్టర్ దించండయ్యా, వెనక ముసలోళ్లున్నారు" అని జీవితమంతా అరిచిన మనిషి ఆయన. కిటికీ తెరిపించడం ఎవరి వల్లా కాలేదు. గోడ అలాగే ఉంది. ఆంటీ దగ్గు కూడా.

అప్పుడు నేను పనిచేస్తున్న చిన్న కంపెనీ సరిగ్గా ఈ చిక్కుకే ఒక రేడియేటర్ తయారు చేస్తోంది. మామూలు రేడియేటర్ గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ వేడి చేస్తుంది. మాది అలా కాదు. రేడియేటర్ వెనక గోడకి ఒక రంధ్రం పెడతాం. బయటి చలిగాలి ఆ రంధ్రంలోంచి వచ్చి, వేడి పలకల మధ్య నుంచి పైకి పాకి, గోరువెచ్చగా గదిలోకి వస్తుంది. తాజా గాలి వస్తుంది, చలి రాదు, చెమ్మ పోతుంది. ఒక నిజమైన ఇంట్లో ఒక చలికాలమంతా నడిపి చూడాలని మా బాస్ వెతుకుతున్నాడు. నేను ఆంటీ వాళ్ల పడగ్గది చూపించాను. హౌసింగ్ వాళ్లు సరేనన్నారు.

రంధ్రం పెట్టే రోజు అంకుల్ మంచం మీద కూర్చుని డ్రిల్లు వైపు చూస్తూ ఉన్నారు.

"చలి రాకుండా గోడకి బొక్క పెడుతున్నావు."

"చలిని వేడి చేసి లోపలికి పంపిస్తాం అంకుల్."

"బయటే వదిలేస్తే దానికీ సుఖం, మనకీ సుఖం."

పట్టుదలగా వివరించాను. అది నా జబ్బు. రేడియేటర్ ఎంత వేడిని ఇస్తుందన్నది, దాని వేడికీ దాన్ని తాకే గాలి చల్లదనానికీ ఉన్న తేడాని బట్టి ఉంటుందని చెప్పాను. అందుకే బయట ఎంత చలి ఉంటే ఇది అంత గట్టిగా పనిచేస్తుందని చెప్పాను.

"అయితే చలి పెరిగేకొద్దీ గది ఇంకా వేడెక్కుద్దా?"

"లేదు అంకుల్. ఆ ఎక్కువ వేడి వచ్చే గాలిని కాచడానికే సరిపోతుంది. గది అంతే ఉంటుంది."

"ఎక్కువ పని చేస్తది, ఫలితం మాత్రం అంతే."

"ఒక రకంగా అంతే."

"మా డిపోలో అట్టాంటోళ్లు శానామంది ఉండేవాళ్లు" అన్నారాయన.

కానీ ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. రెండో వారమే ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి, చలి ఎక్కువయ్యేకొద్దీ ఎక్కువ మండే రేడియేటర్ గురించి చెప్పారు. పాస్టర్ గారికి అది బాగా నచ్చి ప్రసంగంలోకి తీసుకున్నారు. కష్టాల్లో విశ్వాసి రేడియేటర్‌లా ఉండాలన్నారు. ఆ చలికాలం మా ఫెలోషిప్‌లో చిన్నపిల్లలకి కూడా మా కంపెనీ సరుకు ఎలా పనిచేస్తుందో తెలుసు. మా సేల్స్ వాళ్లకి అంత బాగా తెలియదు.

బిగించిన రోజు వంటింట్లో ఆంటీకి మాట ఇచ్చాను.

"ఈ చలికాలం అయ్యేసరికి మీ దగ్గు పోతుంది ఆంటీ."

"పోతే చాలు నాయనా. పగలు నాలుగు గంటలు తెరిపిగా నిద్రపోతే అదే పదివేలు" అన్నారావిడ.

కారెక్కాక మా ఆవిడ, తను కూడా నర్సే, "దగ్గు పోతుందని చెప్పడానికి నువ్వు డాక్టరువా?" అని అడిగింది.

అయితే దగ్గు నిజంగానే తగ్గింది. గోడ తుడిచాక బూజు మళ్లీ రాలేదు. జనవరిలో మంచు పడిన రోజున కూడా ఆ గదిలో కూర్చుంటే నుదుటి మీద సన్నగా గాలి తగిలేది. "వస్తది గానీ కరవదు" అని ఆంటీ ఆ గాలి గురించి చెప్పేవారు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోతున్నారు. అంకుల్ ఆ గది తలుపు దగ్గర కండక్టర్‌లాగా కాపలా ఉండి, ఫోన్ చేసినవాళ్లందరికీ గుసగుసగా "పడుకుంది, పడుకుంది" అని చెప్పేవారు.

లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది అది. మార్చిలో మా బాసూ, హౌసింగ్ ఆవిడా వచ్చి చూసి తేల్చాలి. వాళ్లకి నచ్చితే ఆ రేడియేటర్ అక్కడే ఉంటుంది, ఆ బ్లాక్‌లో మిగతా పడగ్గదులకి కూడా పెడతారు. నచ్చకపోతే ఊడదీసి రంధ్రం మూసేస్తారు. నిజానికి భయపడాల్సింది ఏమీ లేదు. చలికాలమంతా తీసిన కొలతలు మా బాస్ కంప్యూటర్‌లో ఉన్నాయి, బాగున్నాయి. ఆ రోజు చూపించేది హౌసింగ్ ఆవిడ తృప్తి కోసం ఒక నమూనా మాత్రమే. వాతావరణం వెచ్చగా ఉంటే, రేడియేటర్ ఎంత వేడినిస్తోందో చూపించే అంకె చిన్నదిగా వస్తుంది. చలి రోజుకి అది ఎంతతో సమానమో లెక్కగట్టడం మా పనిలో చేరిన కొత్తవాడికి కూడా వచ్చు.

కానీ ఆ రోజు మాట్లాడే అవకాశం మొదటిసారి నాకిచ్చారు. స్క్రీన్ మీద పెద్ద అంకె కనిపించాలని నాకు ఆశ. చిన్న అంకె చూపించి, "ఇది నిజానికి పెద్దదేనండీ" అని వివరించుకోవడం నామోషీగా అనిపించింది. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు. చాలాసార్లు వెతికి చూశాను.

ముందు ఆదివారం ఆరాధన అయ్యాక టీ తాగుతూ, "బుధవారం చలిగా ఉంటే బాగుండు, ఎండ కాస్తే నంబరు రాదు" అన్నాను. ఆ మాట టీ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లేసరికి, ఎండ కాస్తే ఆంటీ వాళ్ల రేడియేటర్‌ని కంపెనీ వాళ్లు పీకేస్తారు అన్నదాకా పెరిగింది. నేను సరిదిద్దలేదు. పాస్టర్ గారు చలి కోసం ప్రార్థన చేద్దామన్నారు. అలాంటి ప్రార్థన అంతకుముందు ఎవరూ చేసి ఉండరు, ఈ దేశంలో అయితే అసలే చేసి ఉండరు.

ఎమ్మెస్సీ చదివే ఒకమ్మాయి లేచి, "అయ్యగారూ, బుధవారం పొద్దున నేను బస్టాప్‌లో చాలాసేపు నిలబడాలండీ" అంది.

పాస్టర్ గారు ఆలోచించారు. "చలి ఆ వీధి వరకే రావాలని అడుగుదాం" అన్నారు.

అలాగే అడిగాం. కళ్లు మూసుకుని, వీధి పేరు, ఇంటి నంబరు, గోడ ఏ వైపో కూడా చెప్పి మరీ అడిగాం.

బుధవారం పొద్దున అంతకుముందు నెలల్లో చూడని ఎండ కాసింది. మా ఆవిడని హాస్పిటల్ దగ్గర దించడానికి వెళ్తున్నాను. కారులో ఫోన్ మోగింది, స్పీకర్ మీద పెట్టాను.

"ఎండ చూశావా అబ్బాయ్" అన్నారు అంకుల్.

"చూశాను."

"జనం చొక్కాల మీద తిరుగుతున్నారు. ఇంక నీ నంబరు రాదు గదా."

"చిన్నగా వస్తుంది అంకుల్."

"ఒక మాట చెప్పు. చలి ఎక్కణ్ణించి వచ్చిందో ఆ మిషన్‌కి తెలుస్తదా?"

మా ఫెలోషిప్ కథలో ఈ ఫోన్ సంభాషణ ఇక్కడ తెగిపోతుంది. సిగ్నల్ లేక నాకేమీ వినపడలేదని, అంకుల్ సొంత తెలివితో మిగతాదంతా చేశారని కథ. ఆ సిగ్నల్ సంగతి నేను కల్పించింది. ఆయన మాట నాకు చక్కగా వినపడింది, అర్థమైంది కూడా.

"తెలియదు అంకుల్. దానికి చలి అంటే చలే."

"ఫ్రీజర్‌దైనా ఫర్వాలేదా?"

"ఫర్వాలేదు."

"ఎక్కడ పెట్టాల?"

"బయట ఆ రంధ్రానికి జాలీ ఉంది కదా, దాని చుట్టూ. జాలీకి అడ్డంగా మాత్రం పెట్టకండి, గాలి లోపలికి పోవాలి. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచండి, గాలిని బాగా లాగుతుంది."

"అంతేనా?"

"అంతే అంకుల్."

నా జీవితంలో నేనిచ్చిన సాంకేతిక సలహాల్లో ఒక్క మాట కూడా వృథా కానిది అదొక్కటే.

బాసూ, హౌసింగ్ ఆవిడా, నేనూ వెళ్లేసరికి ఆంటీ డ్యూటీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా మా కోసం టీ పెడుతున్నారు. ఈ ఏర్పాటు సంగతి ఆవిడకి తెలియదు. హౌసింగ్ ఆవిడ గోడ తడిమి చూసింది, మూలలు చూసింది, ఆంటీని గది ఎలా ఉందని అడిగింది.

"ఇప్పుడు నేను నిద్రపోతున్నాను" అని చెప్పారు ఆంటీ.

హౌసింగ్ ఆవిడ నవ్వి తల ఊపింది. పని అప్పటికే అయిపోయింది. అక్కడితో ఆగి టీ తాగి వచ్చేస్తే ఈ రాత అవసరం ఉండేది కాదు. కానీ నా దగ్గర కొలతలు చూపించే స్క్రీన్ ఉంది. దాన్ని తిప్పి చూపించాను. రేడియేటర్ బ్రహ్మాండంగా వేడినిస్తోంది. మంచు పడిన రోజున కూడా అంత అంకె రాలేదేమో అన్నట్టుగా ఉంది.

మా బాస్ కళ్లజోడు పైకి తోసుకుని దగ్గరికి వచ్చాడు. నిదానస్తుడు, గొంతు పెంచడు.

"లోపలికి వచ్చే గాలి మూడు డిగ్రీలు అంటోంది" అన్నాడు.

హౌసింగ్ ఆవిడ కిటికీలోంచి చూసింది. ఎదురింటాయన నిక్కర్ మీద కారు కడుక్కుంటున్నాడు.

"బయట మార్చి. ఈ గోడ దగ్గర మాత్రం జనవరి" అన్నాడు బాస్.

"ఇది నీడ పడే వైపు కదా" అన్నాను. ఆ గోడ మీద పొద్దున్నుంచీ ఎండ తప్ప ఇంకేమీ పడలేదు.

ఆయన బయటికి నడిచాడు. ఆవిడ వెనకే వెళ్లింది. నేను వెళ్లాను. టీ కప్పులు పట్టుకుని ఆంటీ కూడా వచ్చారు.

గోడ పక్కన మా ఫెలోషిప్ పెద్దలు జాలీ చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడి ఉన్నారు. అంకుల్ చేతుల్లో పొడుగాటి శీలావతి చేప, రాయిలా గడ్డకట్టి ఉంది. పాస్టర్ గారు రెండు చేతులతో బఠాణీల సంచులు పట్టుకున్నారు. ఇద్దరు ఆంటీలు కొబ్బరి తురుము ప్యాకెట్లు గోడకి ఆనించారు. చేతులు కొంకర్లు పోకుండా అందరూ గ్లవ్స్ తొడుక్కున్నారు. ఆ ఎండలో అంకుల్ మంకీ క్యాప్ కూడా పెట్టుకున్నారు. నేను చెప్పినట్టే జాలీకి ఎవరూ అడ్డు పెట్టలేదు. గాలి పోయే దారి శుభ్రంగా వదిలారు.

"మీరు ఇక్కడ ఏం చేస్తున్నారు?" అని అడిగింది హౌసింగ్ ఆవిడ.

పాస్టర్ గారు అబద్ధమాడరు. నిజం చెబితే ఆంటీకి నష్టం. ఆయన తన చేతుల్లోని బఠాణీల వైపు చూసుకున్నారు. చివరికి అంకుల్, "ప్రేయర్" అన్నారు.

అన్న మాట అబద్ధం కాకుండా ఉండాలని పాస్టర్ గారు ఆ క్షణమే కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. తెలుగులో, పెద్ద గొంతుతో, చాలాసేపు. రాణి గారి ఆరోగ్యం కోసం చేశారు, హౌసింగ్ సంస్థ కోసం చేశారు, గోడ కోసం చేశారు. మా బాస్ మర్యాదస్తుడు కాబట్టి తల వంచాడు. మధ్యలో అందరూ చేతులు ఎత్తాల్సిన ఘట్టం వచ్చింది. అంకుల్ అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఖాళీ చేతులున్నది హౌసింగ్ ఆవిడే కాబట్టి, చేప ఆవిడకి అందించారు. ఆవిడ తీసుకుంది. ఆమెన్ దాకా పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుంది.

కార్ పార్క్‌లో బాస్ నన్ను పక్కకి పిలిచాడు.

"నీకు తెలుసా?"

"తెలియదు" అన్నాను.

ఆయన నమ్మాడు. నమ్మడం వల్ల వచ్చిన నష్టం ఇది. ఇవాళ ఇలా చేసినవాళ్లు చలికాలమంతా ఏమేం చేశారో మనకి తెలియదు కదా, ఈ ఇంటి కొలతలు ఏవీ నమ్మలేం అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. పొద్దున ఫోన్‌లో నేనే చెప్పానని ఒప్పుకుని ఉంటే ఆ ఒక్క రోజు అంకె మాత్రం కొట్టేసేవాళ్లు. చలికాలం కొలతలు నిలబడేవి, ఆంటీ రేడియేటర్ నిలబడేది. పోతే నా పరువు పోయేది, ఉద్యోగం కూడా పోయేదేమో. ఇవన్నీ ఆ కార్ పార్క్‌లోనే, నిలబడిన చోటే నాకు అర్థమయ్యాయి.

నెల తిరగకుండా వాళ్లు వచ్చి ఊడదీశారు. రంధ్రం పూడ్చి రంగు వేశారు. మామూలు రేడియేటర్ పెట్టారు. ఆ సాయంత్రం వెళ్తే ఆంటీ గోడనే చూస్తున్నారు.

"మా వల్లేనా నాయనా?" అని అడిగారు.

"వాళ్ల రూల్స్ అలా ఉంటాయి ఆంటీ" అన్నాను.

తర్వాతి ఆదివారం అంకుల్ సభ మధ్యలో లేచారు. "నా తెలివితక్కువ పని వల్ల అబ్బాయి ఉద్యోగానికి మచ్చ వచ్చింది, అతను నన్ను క్షమించాల" అన్నారు. నేను లేచి వెళ్లి ఆయన్ని కౌగిలించుకున్నాను. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. క్షమించే గుణం ఉందని ఆ ఏడే నన్ను ఫెలోషిప్ కమిటీలోకి తీసుకున్నారు.

బూజు మళ్లీ వచ్చింది. దగ్గూ వచ్చింది. పగటి నిద్ర పట్టక ఆంటీ నైట్లు మానుకున్నారు, కొన్నాళ్లకి ఇన్‌హేలర్ మొదలైంది. హౌసింగ్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా, గతంలో మీ ఇంట్లో పరికరం పెడితే మీరే పాడుచేశారని వాళ్ల రికార్డులో ఉండేది. మరోవైపు అంకుల్ పశ్చాత్తాపం ఏటేటా సాక్ష్యంగా పదునెక్కి, నవ్వుల కథగా మారింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చేప పేరు చెప్పాలో ఆయనకి బాగా తెలుసు.

రెండు వేల పద్దెనిమిది క్రిస్మస్‌కి బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ముందు ఆయన మళ్లీ చెప్పారు. హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక కూడా ఆంటీ దగ్గు ఆగలేదు. నీళ్ల గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లిపోయారు.

ఇంటికి వస్తూ మా ఆవిడ రోడ్డు వైపే చూస్తూ అంది. "జాలీ చుట్టూ పెట్టమన్నావు. అడ్డం పెట్టొద్దన్నావు. ఫ్యాన్ వేయమన్నావు."

ఆ రోజు తను పక్క సీట్లోనే ఉంది. ఇన్నేళ్లూ ఆ సంగతి నేను తల్చుకోకుండా తప్పించుకున్నాను.

"ఎందుకు అడగలేదు?" అన్నాను.

"నువ్వే చెబుతావని. మొదటి ఏడాది గట్టిగా అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను."

కొత్త సంవత్సరం వచ్చిన మొదటి శనివారం వాళ్లింటికి వెళ్లి అంకుల్‌కి చెప్పాను. ఆయన టీవీ కట్టేసి విన్నారు.

"కాదులే అబ్బాయ్. ఐడియా నాది" అన్నారు.

"చోటు చెప్పింది నేను అంకుల్. తెలియదని మా బాస్‌కి అబద్ధం చెప్పింది నేను."

"చేప నాది గదా."

"చేప మీదే."

ఆయన ముఖంలో కోపం రాలేదు, ఒక రకమైన కంగారు వచ్చింది. "ఇప్పుడొచ్చి నీ తప్పంటే ఎట్టా? బర్మింగ్‌హామ్ కన్వెన్షన్‌లో గూడా చెప్పానే ఈ సాక్ష్యం. చెయ్యని పాపానికి దేవుడు నన్ను క్షమించాడా?"

"చేయించింది నేను."

"అయితే సగం తీసుకో. అంతా తీసుకుంటే నాకేం మిగలదు."

సగానికి బేరం కుదిరేదే. వంటింటి గుమ్మంలో ఆంటీ చేతిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో.

"చలికాలమంతా అది బాగా పనిచేసిందని మీ ఆఫీసులో ఉందా?" అని అడిగారు.

"ఉంది ఆంటీ."

"ఆ రోజు నువ్వు ఒక్క మాట చెప్పుంటే మిషన్ ఉండేదా?"

"ఉండేది."

ఆవిడ లోపలికి వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చారు. నా ఎదురుగా కూర్చున్నారు. "హౌసింగ్‌కి ఫోన్ చెయ్" అన్నారు.

"ఇవాళ శనివారం ఆంటీ."

"పైపు పగిలితే శనివారం గూడా ఎత్తుతారు. చెయ్. స్పీకర్ మీద పెట్టు."

చాలాసేపు పాట వినిపించాక ఒక కుర్ర గొంతు పలికింది. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. గతంలో ఒక చిన్న అపార్థం జరిగిందని అన్నాను.

"అపార్థం గాదు. అబద్ధం అని చెప్పు" అన్నారు ఆంటీ.

అబద్ధం అని చెప్పాను. పెద్దాయన కాస్త ఉత్సాహపడి చేశారని అన్నాను.

"ఆయన్ని మధ్యలోకి తేబాక. ఎవరు చెప్పి చేయించారో అది చెప్పు."

చెప్పాను. అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "మీరు ఫిర్యాదు చేస్తున్నారా, ఒప్పుకుంటున్నారా సర్? నా స్క్రీన్ మీద ఫిర్యాదుకే చోటుంది" అన్నాడతను.

"ఫిర్యాదే అనుకోండి."

"ఎవరి మీద?"

"నా మీద."

"మీరు మా ఇంట్లో అద్దెకున్నారా?"

"లేదు."

"అయితే మీ మీద మీరు ఫిర్యాదు చేయడం కుదరదు. ఆవిడ చేయొచ్చు."

ఆంటీ ఫోన్ తన వైపు లాక్కున్నారు. తన పేరు, ఇంటి నంబరు చెప్పి, నా పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పారు. ఏ రకం చేప అని అతను అడిగాడు. అది ఎక్కడ రాసుకోవడానికో నాకు తెలియదు. "రోహూ" అన్నారు అంకుల్ వెనక నుంచి, తగినంత స్పష్టంగా. గోడ పరిస్థితి చూడటానికి ఒక సర్వేయర్‌ని పంపిస్తామని, పాత కొలతలు కంపెనీని అడుగుతామని అతను చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ నా వైపు చూశారు. "ఆ రోజు నువ్వు రావొద్దు నాయనా."

సోమవారం మా బాస్‌కి చెప్పాను. ఆయన అప్పటికి రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డాడు. విని, చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. "వెచ్చటి రోజు లెక్క సరిచేయడం నీకు నేర్పింది నేనే కదా" అన్నాడు. కొలతలు ఆయన పారేయలేదు. హౌసింగ్ అడగగానే పంపించాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు గానీ, కస్టమర్ల దగ్గరికి మళ్లీ పంపలేదు.

సర్వేయర్ వచ్చిన రోజు నేను వెళ్లలేదు. ఆ గదిలో మా రేడియేటర్ మళ్లీ బిగించిన రోజు కూడా వెళ్లలేదు. మా కంపెనీ నుంచే వేరేవాళ్లు వెళ్లారు. నేను రాకూడదని ఆంటీ ముందే ఫోన్ చేసి చెప్పారట. ఆఫీసులో ఆ మాట నాకు చేరవేసినతను పాపం మొహమాటపడ్డాడు.

నవంబర్ చివర్లో చలి గట్టిగా పడిన ఒక ఆదివారం ఆంటీ ఆరాధనకి రాలేదు. నేను కంగారుపడ్డాను. మా ఆవిడ ఫోన్ చేసి కనుక్కుంది.

"నిద్రపోతున్నారట. అంకుల్ గుసగుసగా మాట్లాడారు."

"ఒకసారి వెళ్లి చూసి రానా?"

"అడిగాను. ఇంకొన్నాళ్లు ఆగమన్నారు" అంది.